ఏంజెల్ పేరున ఇచ్చిన గుడ్లు

గుడ్లు ఉడకేసేటప్పుడు సారమ్మ నీళ్ళలో కాస్త ఉప్పు వేస్తుంది, పెంకు సులువుగా ఊడొస్తుందని. ఉడికాక చన్నీళ్ళలో పడేసి, వంటింటి గడప మీద కూచుని ఒలుస్తుంది. ఆ గుడ్లు కొట్లో కొన్నవి కావు. కోడలు ఏంజెల్ కడుపుతో ఉందని అంగన్‌వాడీలో ఆ పిల్ల పేరున ఇచ్చినవి. ఒలిచిన గుడ్డు ఒకటి సారమ్మ మొగుడు విశ్వాసం కంచంలోకి వెళ్తుంది, ఇంకోటి కొడుకు జాషువా కంచంలోకి. ఏడో నెల మోస్తున్న ఏంజెల్ కంచంలో మాత్రం చద్దన్నం, ఇంత చింతకాయ పచ్చడి, పక్కన గ్లాసుడు టీ.

ఆ పొద్దునా అంతే. మగాళ్ళిద్దరూ తినేసి, చేపల చెరువు మీదకి పోదామని చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. అంతలో జాషువా చొక్కా కిందనించి, కడుపులోంచి, "ఏంజెల్" అని వినబడింది. చిన్న గొంతే గానీ స్పష్టంగా ఉంది. జాషువా దగ్గాడు. తండ్రి అంతకంటే గట్టిగా దగ్గాడు. సారమ్మ గిన్నెల మీద గిన్నె పడేసి చప్పుడు చేసింది. ఏంజెల్ తలొంచుకుని అన్నం కలుపుకుంది. ఆ తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

పెదపాడు దాటాక, కొల్లేటి వైపు, చెరువుల మధ్య గట్ల మీద ఉన్న ఊరు గువ్వలంక. అక్కడ ఇది కొత్తేం కాదు. అంగన్‌వాడీలో ఎవరి పేరున ఇచ్చిన గుడ్డు వాళ్ళే తింటే కిమ్మనదు. ఇంకొకరు తింటే మాత్రం రెండ్రోజులు లోపల్నించి అసలు మనిషిని పిలుస్తుంది. తర్వాత ఊరుకుంటుంది. నొప్పీ లేదు, మందూ లేదు. ఇదివరకటి టీచరు చంటిపిల్లల గుడ్లు ఇంటికి పట్టుకుపోయి తినేది. ఓనాడు పైఆఫీసరు వచ్చి మీటింగులో మాట్లాడుతుంటే ఆవిడ కడుపు పిల్లలందరి హాజరూ వేసేసింది. ఆవిణ్ణి బదిలీ చేశారు గానీ, కడుపు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే తమ ఇళ్ళలో కడుపుల సంగతీ ఎత్తాలి మరి. అందుకని ఊరు ఊరంతా దగ్గు నేర్చుకుంది. ఆదివారం చర్చిలో అయ్యగారు కాసేపు మౌనంగా ప్రార్థించుకుందాం అనడమే తడవు, మగాళ్ళ వైపునించి కోడళ్ళ పేర్లూ పసిపిల్లల పేర్లూ మొదలయ్యేవి. అయ్యగారు మౌనాన్ని అక్కడికక్కడే ముగించి పాట ఎత్తుకునేవారు. మంచి మనిషే. కానీ ఆయన మటుకు ఆయన తినలేదని ఎవరు చెప్పగలరు?

ఇంతకీ సారమ్మని గయ్యాళి అత్త అనుకునేరు. కానే కాదు. ఏంజెల్‌కి తల్లీ తండ్రీ లేరు, తాడేపల్లిగూడెంలో మిషను హాస్టల్లో పెరిగింది. కోడలై వచ్చిన రోజునించీ ఆ పిల్ల తలకి నూనె రాసి జడ వేసేది సారమ్మే. నీళ్ళ బిందె ఎత్తనిచ్చేది కాదు. కాళ్ళు పీకుతున్నాయంటే తన ఒళ్ళో పెట్టుకుని పట్టేది. కూతురి కంటే ఎక్కువగా చూసుకుంటోందని ఊళ్ళో అనుకునేవారు. అది నిజం. అసలు గొడవంతా ఆ కూతురి దగ్గరే ఉంది.

సారమ్మ కూతురు క్రిస్టినా, కరోనా రోజుల్లో తొలి చూలుకి పుట్టింటికొచ్చింది. ఏడో నెలలో వచ్చిన పిల్లకి సారమ్మ చెయ్యని సేవ లేదు. అప్పుడూ అంగన్‌వాడీనించి ఇంటికే గుడ్లూ పాలూ తెచ్చిచ్చేవారు. పొద్దున్నే గుడ్లు ఒలిచి, పాలు కాచి కూతురి చేతిలో పెట్టి, తను చేపల షెడ్డులో ఐసు పెట్టెలు సర్దే పనికి పోయేది. నెలలు నిండాయి. నొప్పులు వచ్చాయి. బిడ్డ రాలేదు. ఏలూరు తీసుకెళ్ళారు, ఆపరేషన్ చేశారు, ఇద్దరూ దక్కలేదు. మగపిల్లాడు. సమాధుల దొడ్డిలో మట్టి పోస్తుంటే, ఊళ్ళో పురుళ్ళు పోసే అచ్చాయమ్మ సారమ్మ భుజం మీద చెయ్యేసి, బాగా మేపేశావే, బిడ్డ బొండంలా అయిపోతే దారెక్కడుంటుంది, అంది. ఓదార్పుగానే అంది పాపం. ఆ మాట సారమ్మ గుండెలో మేకులా దిగింది. కూతుర్ని తన చేతులతోనే తిండి పెట్టి చంపుకున్నానని నమ్మింది.

అలాంటి మనిషి కోడలి విషయంలో ఇంకో దారి పడుతుందా! బిడ్డ చిన్నదైతే సులువుగా వచ్చేస్తుంది. పురుడయ్యాక ఎంతైనా పెట్టుకోవచ్చు. గుడ్లు పారెయ్యడానికి చేతులు రావు కాబట్టి మగాళ్ళ కంచాల్లో పడేది. పాలు టీలోకి పోయేవి. ఐరన్ మాత్రలు బియ్యం డబ్బా వెనక్కి చేరేవి, వాటితో కూడా బిడ్డ ఎదుగుతుందని ఎవరో చెప్పారు.

ఏంజెల్ ఎదురు చెప్పే పిల్ల కాదు. హాస్టల్లో పెరిగినవాళ్ళకి పెట్టింది తినడం అలవాటు. ఆకలి మాత్రం దాని దారి అది వెతుక్కుంది. అటక మీది బియ్యం డబ్బాలోంచి గుప్పెడు తీసి బుగ్గన వేసుకునేది. పెరటి గోడకి సున్నం పెచ్చులు ఊడినచోట గోటితో గీకి నాకేది. మెట్టెక్కితే ఆయాసం. ఒకనాడు అత్త గుడ్లు ఒలుస్తుంటే పక్కన కూచుని, చాలాసేపు చూసి, ఆఖరికి అడిగింది.

"అత్తయ్యా, సగం తిననాండీ?"

సారమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్ల నుదుటి మీద జుట్టు వెనక్కి దువ్వి, "ఇంకెంత తల్లీ, రెండు నెల్లు ఓర్చుకో. ఆ తర్వాత నీకు నేనే కోసి పెడతాను," అంది. పెరట్లో తిరుగుతున్న పెట్టని కూడా చూపించింది. ఏంజెల్ సరేనండీ అని లేచి, గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో పోషణ మాసం వచ్చింది. అంగన్‌వాడీ ముందు కూరగాయలతో ముగ్గేశారు. మధ్యలో గుమ్మడికాయ, చుట్టూ వంకాయలు, తోటకూర కట్టలు, అంచుకి కోడిగుడ్లు. పెదపాడు నించి నర్సమ్మ వచ్చి రక్తం ఎలా పడుతుందో, ఏం తినాలో, పెరట్లో ఏం పెంచుకోవాలో చెప్పింది. అత్తలందర్నీ నిలబెట్టి ప్రమాణం చేయించారు. మా కోడళ్ళకి మంచి ఆహారం పెడతాం అని. అందరికంటే పెద్ద గొంతుతో చెప్పింది సారమ్మే. ఆమె అబద్ధం చెప్పలేదు. పురుడయ్యాక పెడదామనే కదా ఆమె ఉద్దేశం. ఫొటోలు తీసుకున్నారు. ముగ్గులో గుడ్లు మళ్ళీ ట్రేలోకి సర్దేశారు.

నర్సమ్మ ఏంజెల్ కింది రెప్ప లాగి చూసి, మొహం మార్చుకుంది. వేలు గుచ్చి రక్తం చూసింది. టీచరు మెర్సీని పక్కకి పిలిచి మాట్లాడింది. మెర్సీ ఆ ఊరి పిల్లే, క్రిస్టినాతో చదువుకుంది. మధ్యాహ్నం జనం వెళ్ళిపోయాక సారమ్మ ఇంటికొచ్చి, నులక మంచం మీద కూచుంది. మంచినీళ్ళు తాగింది. కాసేపు ముగ్గు బాగుందనీ ఎండ ఎక్కువుందనీ మాట్లాడింది. అప్పుడు గ్లాసు కింద పెట్టి అంది.

"పిన్నీ, ఏంజెల్ ఒంట్లో రక్తం లేదు. రోజూ అంగన్‌వాడీకొచ్చి నా ఎదురుగా కూచుని తినేసి వెళ్ళమను."

"ఎండలో ఏం నడుస్తుందే? కేరేజీ పంపు, ఇంట్లోనే తింటుంది."

"ఇంట్లో ఎవరు తింటున్నారో ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాం కదా."

గువ్వలంకలో ఎవరూ అనని మాట అది. సారమ్మ తెల్లబోయింది. తేరుకుని, ఏ ఇంట్లో వినబట్టంలేదో చెప్పమంది. మెర్సీ మొగుడి కడుపు కూడా చంటిదాని పేరు పిలిచిన రోజులున్నాయి. అయినా వదల్లేదు. క్రిస్టినా పోయింది బిడ్డ పెద్దదై కాదనీ, ఒంట్లో రక్తం లేకే ఆపరేషన్‌కి తట్టుకోలేదనీ, డాక్టరుగారు ఆవేళే చెప్పారనీ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. సారమ్మ వినలేదు. లేచి నిలబడింది. నా పిల్లకి నేను పెట్టలేదంటావా, ఈ చేతులతో ఒలిచిచ్చాను, నువ్వు చూశావా, అని అడిగింది. మెర్సీ చూడలేదు. అలా అని ఒప్పుకుని, లేచి వెళ్ళిపోయింది.

ఆ వారంలో విశ్వాసానికి జ్వరం తగిలింది. చెరువులో గుర్రపుడెక్క తీసి తీసి, మెడలోతు నీళ్ళలో నాని వచ్చి పడుకున్నాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. జాషువా పనికి పోయాడు, ఏంజెల్ పెరట్లో ఉంది. మిట్టమధ్యాహ్నం. సారమ్మ తడిగుడ్డ మార్చుతూ మొగుడి పక్కన కూచుంది. గిన్నెల చప్పుడు లేదు, టీవీ లేదు. కరెంటు పోయి ఫ్యాను కూడా ఆగింది.

విశ్వాసం కడుపులోంచి "ఏంజెల్" అంది గొంతు. దగ్గబోయాడు, సత్తువ లేదు. సారమ్మ పట్టించుకోలేదు, గుడ్డ పిండింది.

ఆ తర్వాత అదే కడుపులోంచి, ఇంకా లోతునించి, అరిగిపోయిన సన్నటి గొంతు వచ్చింది. "క్రిస్టినా."

సారమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పొరబడ్డాననుకుంది. చెవి తెచ్చి మొగుడి పొట్టకి ఆనించింది. "క్రిస్టినా," అంది మళ్ళీ. కాస్త ఆగి మళ్ళీ. ఊపిరి తీసినంత మామూలుగా, వాకిట్లో ఆడుకునే పిల్లని అన్నానికి పిలిచినట్టు పిలుస్తోంది.

విశ్వాసం కళ్ళు తెరిచే ఉన్నాడు. నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"రెండ్రోజులకి ఆగిపోవాలి కదండీ," అంది సారమ్మ. ముందు ఆ మాటే వచ్చింది ఆమెకి.

"మనిషి ఉంటే ఆగుద్ది. మనిషి పోయాక ఆగదు. నాకూ అప్పుడే తెలిసింది."

అతను జ్వరంలో తడబడుతూ చెప్పింది ఇదీ. సారమ్మ గుడ్లు ఒలిచిచ్చి షెడ్డుకి పోగానే, క్రిస్టినా వాటిని తండ్రి కేరేజీలో పెట్టేసేది. చెరువు మీద కాపలా కాస్తావు, నువ్వు తిను నాన్నా, అనేది. ఒక్కరోజు వద్దన్నాడు. అలిగింది. ఆ తర్వాత వద్దనలేదు. చెరువు గట్టున ఒంటరిగా కూచుని తినేవాడు, కడుపు పిలిస్తే వినడానికి కొంగలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఇంటికొస్తే దగ్గేవాడు, రాత్రిళ్ళు ఫ్యాను మోతలో కలిసిపోయేది. పాలు కూడా అంతే, జాషువా టీలోకి. ఆ పిల్ల గంజి తాగి, ఊరగాయ నంజుకుని, అమ్మ వచ్చేసరికి మూతి తుడుచుకునేది.

తన చేత్తో మేపి చంపానని సారమ్మ ఇన్నాళ్ళూ కుమిలింది. కూతురు తినలేదు. తినక పోయింది. ఆ సంగతి పక్కలో పడుకున్న మనిషికి తెలుసు. తెలిసి కూడా, రోజూ పొద్దున్నే కంచం ముందు కూచుని ఏంజెల్ గుడ్డు తింటున్నాడు.

"తెలిసీ ఎలా తిన్నావు?" అంది. పెళ్ళయినకాడ్నించీ మొగుణ్ణి నువ్వు అని ఎరగదు.

"వద్దంటే ఎందుకని అడుగుతావు కదా," అన్నాడు విశ్వాసం.

సారమ్మ లేచింది. ఏడవడానికి కూడా ఆగలేదు. ఉన్న గుడ్లన్నీ గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. ఉప్పు వెయ్యలేదు. ఉడికీ ఉడకగానే వేళ్ళు కాలుతున్నా ఒలిచి, పెంకులు అంటుకున్న గుడ్లు పళ్ళెంలో పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఏంజెల్ గోడకి చేరగిలబడి ఉంది. పెదాల మీద సున్నం. పాదాలు చెప్పులు పట్టనంతగా వాచిపోయాయి. అత్త పళ్ళెంతో రావడం చూసి, భయపడి మూతి తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చూసేసరికి సారమ్మ అక్కడే మట్టిలో కూలబడింది.

"తిను తల్లీ. ఇవి నీవే. తిను."

ఏంజెల్ నమ్మలేదు. సారమ్మ ముక్క తుంచి నోట్లో పెట్టింది. అప్పుడు తినడం మొదలుపెట్టింది. నమలకుండా మింగేస్తోంది, పెంకు ముక్కలతో సహా. ఆకలి అంటే ఏమిటో సారమ్మ తన బతుకులో చాలాసార్లు చూసింది గానీ, తన ఇంట్లో, తన చేతి కింద పెరిగిన ఆకలిని చూడటం అదే మొదలు. చూడలేక, చూపు తిప్పుకోలేక ఏడ్చింది.

సాయంత్రానికల్లా మెర్సీ ఆటో మాట్లాడింది. పెదపాడు మీదుగా ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చూసి, ఈ స్థితిలో ఇంటి దగ్గర నొప్పులొచ్చుంటే మనిషి చెయ్యి దాటిపోయేది, మంచిపని చేశారు తీసుకొచ్చారు, అంది. రక్తం ఎక్కించారు. జాషువా ఇచ్చాడు. సారమ్మ మంచం పక్కనే కింద పడుకుని, గుడ్లూ పాలూ అరటిపళ్ళూ కోడలి నోట్లో పెడుతూ కూచుంది. ఎంత పెట్టినా ఇన్నాళ్ళు పెట్టనిది రెండు వారాల్లో పూడుతుందా! ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులొచ్చాయి.

సారమ్మ కోరుకున్నట్టే జరిగింది. బిడ్డ చిన్నది. అరిచెయ్యంత పిల్ల. ఆపరేషన్ లేదు, పెద్దగా నొప్పులు కూడా పడలేదు, సులువుగా వచ్చేసింది. గాజుపెట్టెలో పెట్టి, గొట్టాలు తగిలించి, వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. మూడోనాడు ఊపిరి తియ్యడం మానేసింది. ఏంజెల్ బతికింది.

బిడ్డని క్రిస్టినా పక్కనే పూడ్చారు. పేరు పెట్టలేదు కాబట్టి శిలువ మీద ఏం రాయాలో తెలియక ఊరికే వదిలేశారు. ఇంటికొచ్చాక జాషువా కడుపులో కొత్త చప్పుడు మొదలైంది. గుడ్లు తినడం మానేసి రెండు వారాలు దాటింది, ఏంజెల్ పేరు ఎప్పుడో ఆగిపోయింది. ఇది వేరు. ఎవర్నో పిలవబోయి, పేరు తెలియక ఆగిపోయినట్టు, చిన్న గుక్క. మళ్ళీ గుక్క. ఆ గుడ్లలో సగం బిడ్డవి కదా. విశ్వాసం కడుపులోనూ, క్రిస్టినా పేరు వెనక అదే గుక్క. జాషువా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు, ఇంటెనక్కి పోయి దగ్గాడు. భోజనాల దగ్గర కూచుంటే మళ్ళీ వచ్చింది.

ఏంజెల్ ముద్ద దింపి, ఆసుపత్రినించి వచ్చాక మొదటిసారి నోరు తెరిచింది.

"నిరీక్షణ," అంది. మొగుడి మొహం కేసి కాదు, అతని పొట్ట కేసి చూసి. "దాని పేరు నిరీక్షణ. కడుపులో ఉండగానే అనుకున్నాను."

కాసేపటికి జాషువా కడుపు ఆ పేరు పిలిచింది. అతను దగ్గలేదు. రెండు చేతులూ పొట్టకి కరుచుకుని, గోడవైపు తిరిగి, మనిషంతా కదిలిపోతూ ఏడ్చాడు. సారమ్మ ఊరుకోమనలేదు. ఏంజెల్ కూడా అనలేదు. ఆమె కంచంలో ఉన్నది పూర్తిగా తిని లేచింది.

ఆ ఆదివారం చర్చికి నలుగురూ వెళ్ళారు. మౌన ప్రార్థన అనగానే అందరూ తలలొంచారు. విశ్వాసం కడుపు "క్రిస్టినా" అంది, వెనకే "నిరీక్షణ" అంది. జాషువా కడుపు కూడా "నిరీక్షణ" అంది. తండ్రీ కొడుకులిద్దరూ దగ్గకుండా నిలబడ్డారు. చుట్టుపక్కల మగాళ్ళు వాళ్ళ కోసమని దగ్గడం మొదలుపెట్టారు. అయ్యగారు అలవాటుగా పాటకి నోరు తెరిచారు. ఆడవాళ్ళ వైపునించి సారమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతు పెద్దదేం కాదు గానీ, అందరికీ వినబడింది.

"ఉండండి అయ్యగారూ. విననివ్వండి."

అయ్యగారు నోరు మూసుకున్నారు. దగ్గులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు వినబడ్డాయి అన్నీ. ముందు వరసలోంచి, వెనక బెంచీల్లోంచి, కిటికీ దగ్గర నిలబడ్డ పెద్దమనుషుల కడుపుల్లోంచి. బతికున్న కోడళ్ళ పేర్లు కొన్ని. పిలిచినా పలకలేనివాళ్ళ పేర్లు ఇంకా చాలా, పాతవి, సన్నగా అరిగిపోయినవి, ఎవరూ ఆ ఊళ్ళో తలుచుకోవడం మానేసినవి. అచ్చాయమ్మ ఆ పేర్లలో తన చెల్లెలి పేరు విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపు ఎవరూ పాట ఎత్తలేదు.

సోమవారం మధ్యాహ్నానికి అంగన్‌వాడీలో చాపలు చాల్లేదు. గర్భిణీలూ బాలింతలూ వచ్చి, కంచాలు ముందు పెట్టుకుని కూచున్నారు. అత్తలు గుమ్మం బయట ఎండలో నిలబడ్డారు, కోడళ్ళు తినేదాకా. మెర్సీ వడ్డించుకుంటూ వచ్చి ఏంజెల్ ముందు ఆగింది. బిడ్డ లేకపోయినా జాబితాలోంచి ఆ పిల్ల పేరు తియ్యలేదు, తియ్యమని ఎవరూ అడగలేదు. ఏంజెల్ గుడ్డు తీసుకుంది, నిదానంగా నమిలి తింది. తినేశాక ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని, అలవాటు కొద్దీ కాసేపు విన్నది. తన గుడ్డు తనే తింది కాబట్టి ఏమీ పిలవలేదు. లోపల ఏమీ కదల్లేదు కూడా.